గోళ్లలో కల

పోయిన మంగళవారం ఇన్‌స్పెక్టరు గారు మా బడికి వచ్చేసరికి నా తల సరిగ్గా ఆయన మోకాళ్ల ఎత్తులో ఉంది. ఎందుకో చెబుతాను. ముందు టీ తాగేయండి, మధ్యలో నవ్వితే పొలమారుతుంది.

డుంబ్రిగుడ దాటాక కొండ మీద మా బడి. చుక్క నీళ్లుండవు. దప్పికేసి కింద గెడ్డకి, అంటే వాగుకి, దిగిన పిల్లలు ఆ పూటకి మళ్లీ ఎక్కి రారు. "నీటి వసతి లేకపోతే బడి ఎత్తేస్తాం. తనిఖీకి వస్తున్నాం" అని ఇన్‌స్పెక్టరు గారి ఉత్తరం. నీళ్లు నేనెక్కణ్ణించి తేను? కనీసం చదువైనా బాగుందనిపించుకోవాలని పట్టుదల గురించి పాఠం మొదలుపెట్టాను.

"కల కంటే చాలదు! లేచి పని చేయాలి. నోటితో చెప్పకండి, చేసి చూపించండి!"

మద్రాసు కాలేజీలో విన్న ఇంగ్లీషు ముక్కకి నా తెలుగు అది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. అర్థమైందనుకున్నాను.

మర్నాడు మా ఇంట్లో గునపం మాయం. ఆ మర్నాడు తట్ట! నేనసలే పాలల్లో నీళ్లు కలిశాయేమోనని ఆవునే నిలదీసే రకం. పైగా నేను కనబడితే చాలు, పిల్లల గుసగుసలు ఆగిపోతున్నాయి. పెద్దవాళ్లెవరైనా నేర్పుతున్నారా? బడి పోతే బాగుండునని చూస్తున్నారా? కత్తిపీట, రోకలి మంచం కింద దాచి, ఆ మంచం మీదే కూర్చుని అన్నం తిన్నాను.

చివరికి పదేళ్ల బుద్రి దొరికింది.

"గోళ్లలో ఆ మట్టేమిటే?"

"కల, అమ్మగోరు."

"కల గోళ్లలోకి వస్తుందా?"

"సేత్తే వత్తాది."

నన్నే వెక్కిరిస్తోందని గోడకుర్చీ వేయించాను. కుర్చీలో కూడా నవ్వుతోంది! నా అనుమానం రెట్టింపయింది.

తనిఖీ రోజు పొద్దున్నే బడి వెనక్కి బయల్దేరాను. బుద్రి అడ్డం వచ్చింది.

"అటేపు ఎల్లకండమ్మగోరు!"

"ఏం దాచారే అక్కడ?"

"ఏటీ నేదు!"

ఏమీ లేదంటే ఏదో ఉన్నట్టేగా! విసవిసా నడిచి, అడ్డాకులు పరిచిన చోట అడుగు వేశాను.

ధబ్!

గుండెలోతు గొయ్యి. మోకాళ్లదాకా చల్లటి ఊట నీళ్లు.

"నీళ్లింకా తేరనేదు, అప్పుడే దిగిపోనారేటమ్మగోరు?" అంది బుద్రి పైనుంచి.

నేను పాఠం చెప్పిన రాత్రే దానికి కలలో అక్కడ నీళ్లు కనబడ్డాయట. ఇది కల కంది, పిల్లలంతా లేచి తవ్వారు. చెప్పొద్దన్నాను కదా, చెప్పలేదు. నా కంటబడకుండా ఆకులు కప్పారు. రోజూ అటే మేసే మేకల్లో ఒక్కటీ పడలేదట.

అప్పుడే నా ముక్కుకెదురుగా రెండు బూట్లు వచ్చి ఆగాయి.

"నీటి వసతి ఏదమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

నేను కిందికి చూపించాను.

బడి నిలిచింది. రిపోర్టులో మాత్రం ఆయన ఇలా రాశారు: "నీళ్లున్నాయి. ఉపాధ్యాయురాలు స్వయంగా దిగి చూపించారు."