గింజ కొరకని రోజు

గానుగ మామ పోయాడని శుక్రవారం పొద్దున మసీదు మైకులో చెప్పారు. చేతిలో ఉన్న చాట అలాగే కింద పెట్టేశాను. ఆయన మా పక్కింటాయన. బేతంచెర్ల చుట్టుపక్కల ఎద్దుతో గానుగ ఆడించిన చివరి మనిషి. ఇప్పుడు అందరూ మంచోడు, మంచోడు అంటున్నారు. ఆ మంచోణ్ణి మనమేం చేశామో ఎవరూ ఎత్తడం లేదు. నేను ఎత్తుతాను.

వానలు ఎగ్గొట్టి బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, పండని ఏడు గానుగ ఊరికే నిలబడిపోయింది. మామ ఊరికే ఉండే రకం కాదు. పెళ్లిళ్లలో, హోటళ్లలో పారేసే గుమ్మడి గింజలు, దోస గింజలు గంపల్లో మోసుకొచ్చాడు. కడిగి, బండల మీద ఎండబెట్టి గానుగలో పోశాడు. "చెత్తకుప్పలో నూనె తీస్తాండాడప్పా" అని ఊరు నవ్వింది. ఆ నూనెతో తాళింపు పెట్టుకుని తిన్నాక నోళ్లు మూసుకుంది.

గింజలు కడిగే పనికి నేను కుదిరాను. మామకు ఒకటే చాదస్తం. ఏ కాయ గింజలు ఆ కాయకే విడిగా పెట్టి, ఒక్కో కుప్పలో ఒక గింజ కొరికి చూడాలి. చేదు తగిలితే ఆ కుప్ప పెంట దిబ్బకే. "మ్మేయ్, ముందు మన నాలిక్కి తెలియల్ల. ఆమీదనే ఊరికి" అనేవాడు. కొరక్కపోతే చాట విసిరికొట్టేవాడు. తిట్లకైతే లెక్కే లేదు.

మా చర్చిలో కోతల పండుగ వచ్చింది. విందుకు నూనె మామదే. పండగ హడావుడిలో రెండు గంపల గింజలు సరిగా కడగకుండా, కొరకకుండా గానుగలో పోసింది నేనే. వాటిలో చేదు దోస కలిసింది. కూరలో కారం మండిపోతుంటే చేదు ఎవరికీ తెలియలేదు. గంట తిరక్కుండా పిల్లలు వరసగా వాంతులు చేసుకున్నారు. మా చిన్నది కళ్లు తేలేసింది.

"ముసలోడు ఇసం పెట్టినాడు" అన్నారెవరో. గనుల్లో పనిచేసే మగవాళ్లంతా సమ్మెటలు ఎత్తుకుని గానుగ దగ్గరికి పోయారు. ముందు నడిచింది మా ఆయనే. మామను జుట్టు పట్టి ఈడ్చారు. పళ్లు రాలగొట్టారు. ఎద్దు కాలు విరగ్గొట్టారు. "యా చేత్తో పోసినావురా?" అని మా ఆయన అరిచాడు. మామ నా వైపు చూశాడు. రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. ఆయన తన కుడిచేయి చాపాడు. మా ఆయన దాన్ని గానుగ రాతి మీద అదిమిపెట్టి సమ్మెటతో కొట్టాడు. మూడు వేళ్లు నుజ్జయిపోయాయి.

ఇది మా ఆయన కూడా చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

పిల్లలు మర్నాటికి లేచి తిరిగారు. చేయి మానాక మామ ఎడమచేత్తోనే గానుగ పని మొదలుపెట్టి, నన్ను మళ్లీ పిలిచాడు. ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. చాట విసరడం కూడా మానేశాడు. ఒక్కసారి విసిరుంటే నా ప్రాణానికి తేలికగా ఉండేది.

మట్టి చేసి అందరూ వెళ్లాక, ఆయన భార్య పక్కన కూర్చుని చెప్పేశాను. "అత్తా, ఆ పండగ పొద్దు ఆ గింజలు పోసింది నేను."

అత్త ఏడుపు ఆపింది. "నాకు అపుడే తెలుసులేమ్మీ. 'ఆ పిల్ల పేరెత్తింటే దాని మొగుడు ఆడనే సంపేసుండేవోడు' అని ఆసుపత్రిలోనే సెప్పినాడు."

తర్వాత నా కుడిచేయి ఒళ్లోకి లాక్కుని వేళ్లు ఒక్కొక్కటే తడిమింది. చిటికెన వేలి దాకా వచ్చి, మళ్లీ బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది.