ఆరింటికి తీసిన తలుపు

నిన్న శుక్రవారం, మాకు సెలవు. పొద్దున పోపులో ఆవాలు చిటపటమంటున్న సమయానికి ఫోను మోగింది. మా గ్రంథాలయ సిబ్బంది గ్రూపులో కొత్త ఉత్తర్వు. ఈ మధ్య ఉత్తర్వులన్నీ ఇలాగే, కూరలో ఉప్పు వేశామో లేదో గుర్తుండని వేళ చూసుకునే వస్తాయి. కళ్ళద్దాలు వెతుక్కుని చదివాను కదా, వచ్చే నెల నుంచి జిల్లాలోని శాఖా గ్రంథాలయాలన్నీ ఒకే వేళలు పాటించాలట, పొద్దున ఎనిమిదింటికి తెరవాలట, యంత్రం మీద వేలు పెట్టి హాజరు వేసుకోవాలట, ఎక్కడైనా ప్రత్యేక వేళలు ఉంటే అవి రద్దయినట్టేనట. "ఎక్కడైనా" అన్న మాట దగ్గర నా పోపు మాడిపోయింది. ఎందుకంటే నాకు తెలిసి జిల్లా మొత్తం మీద ప్రత్యేక వేళలున్న గ్రంథాలయం ఒక్కటే, అది నాది. అప్పటికప్పుడు నాలుగు ముక్కలు రాసి పడేద్దామని చూస్తే రాసే చోటే లేదు. నిర్వాహకులు మాత్రమే సందేశాలు పంపగలరని కింద బూడిదరంగులో ఒక వాక్యం ఉంది. నా నోటి సంగతి తెలిసినవాళ్ళెవరో ముందే జాగ్రత్త పడ్డట్టున్నారు.

మా రోజుల్లో ఉత్తర్వులు ఇంత సుకుమారంగా వచ్చేవి కావు. నాతోపాటు ఉద్యోగంలో చేరినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పోస్టులో కాగితం వచ్చేసరికి అందులో చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయి ఉండేది, అసలు సంగతులన్నీ నెలకోసారి లెక్కలు అప్పజెప్పడానికి సంగారెడ్డి ఆఫీసుకు వెళ్ళినప్పుడు అక్కడి వరండాలోనే తెలిసేవి. హత్నూర శాఖ నుంచి వచ్చే పెద్దసారు ఒకాయన ఉండేవారు. ఆఫీసరు మన నమస్కారానికి తల ఊపితే పుస్తకాలకు నిధులు వచ్చినట్టు, ఫైలు వంక చూస్తూ ఊఁ అంటే ఇంకా రానట్టు, కుర్చీ చూపించి కూర్చోమంటే మాత్రం బదిలీ ఖాయమని ఆయన మాకు పాఠం చెప్పేవారు. ఆ లెక్క తప్పడం నేనెన్నడూ చూడలేదు.

జీతాల కథ ఇంకా చోద్యంగా ఉండేది. జనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయానికి కొంత వాటా ఉంటుంది కదా, అది వసూలై, చేతులు మారి మా దాకా వస్తే జీతం, లేకుంటే వాయిదా. దాంతో ఎవరు కనిపించినా ఇంటి పన్ను కట్టారా అని అడిగే రోగం నాకు పట్టుకుంది. చివరికి పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారిని కూడా అదే అడిగాను. మా అమ్మ నా తొడ గిల్లింది. పోతిరెడ్డిపల్లి నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి మాత్రం చేతిలో లడ్డూ పట్టుకుని కాసేపు ఆలోచించి, "ఈ ఏడుది కట్టలే బిడ్డా, ఇగ రేపే కడ్త" అన్నారు. సంబంధం అక్కడే కుదిరిపోయిందని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతుంటారు.

నా గ్రంథాలయం పటాన్‌చెరు కంపెనీల మధ్య, రోడ్డు పక్కన, కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో ఉండేది. పక్కనే చాయ్ హోటల్. దాన్ని నడిపే అక్కకు, నాకు రోజూ పేచీ. పేపర్లు వేసేవాడు తెల్లవారుజామునే వచ్చేవాడు, గ్రంథాలయానికి తాళం ఉండేది, అందుకని మా పేపర్లన్నీ ఆమె గల్లాపెట్టె మీద పడేసి పోయేవాడు. రాత్రి డ్యూటీ దిగిన కంపెనీ కార్మికులు ఆరు గంటలకల్లా హోటల్లో నిండిపోయేవారు. అక్క ఒక్కో పేపరును ఆకులుగా విడదీసి పంచేది, ఆటల పేజీ ఒకరికి, ఉద్యోగాల పేజీ ఒకరికి, సినిమా పేజీకి వంతులు. తెలుగు రాని ఒడిశా, బీహారు పిల్లలకు పక్కనున్నవాడు వచ్చీరాని హిందీలో చెప్పేవాడు. నేను సంగారెడ్డిలో బస్సెక్కి ఎనిమిదింటికి దిగేసరికి అందరూ చదివేసి పడుకోవడానికి పోయేవారు, నాకు మిగిలేవి మడతలు తప్పిన కాగితాలు, వాటి మీద గిలాసల గుండ్రటి మరకలు. గ్రంథాలయం ముద్ర నేను ముందురోజే పేపర్లు చుట్టే ఖాళీ కాగితాల మీద కొట్టి ఉంచితే వాటిలో చుట్టి మరీ నాకు అప్పజెప్పేది ఆ మహాతల్లి, పని పద్ధతిగా చేసినట్టు.

నా చదువరుల గదిలో ఆ తర్వాత మూడు పూటలా ఈగలే. సరిగ్గా అప్పుడే వరండాలో ఒక కబురు పుట్టింది. చదివేవాళ్ళు లేని శాఖలను ఎత్తేసి పుస్తకాలను సంగారెడ్డికి తరలిస్తారట, కొత్తగా వచ్చిన ఆఫీసరు చెప్పకుండా వచ్చి తన కళ్ళతో చూస్తాడట. హత్నూర పెద్దసారు నా వంక జాలిగా చూసి, "నీది పోయినట్టే బిడ్డా" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అలమారల్లో ఉన్న ప్రతి పుస్తకానికీ నా చేత్తో అట్ట వేశాను, కిరాయి గదులే అయినా అది నా మొదటి ఉద్యోగం, అక్కడినుంచి తీసి ఇంకెక్కడో మూలన కూర్చోబెడితే నేను ఊరుకునే రకమూ కాదు. ఊరుకోక ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

ఆ వారంలోనే ఒక రోజు త్వరగా వెళ్ళి గది దులుపుదామని ముందు బస్సు అందుకున్నాను. హోటల్ కిటకిటలాడుతోంది. మూల బల్ల దగ్గర తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన మా పేపరు పరుచుకుని, దాని మీదే గిలాస పెట్టుకుని తీరిగ్గా చదువుతున్నాడు. ఆ ఆవేశంలో నేను కార్మికులందరినీ వదిలేసి ఆయన చేతుల్లోంచి పేపరు లాగేసుకున్నాను.

"సదువుకున్నోని లెక్కనే ఉన్నవు గదా సారూ, గ్రంథాలయం పేపరు మీద గిలాస పెట్టుడు ఏందిది?"

ఆయన కోప్పడలేదు. గిలాస పైకెత్తి పట్టుకుని, ఆ గ్రంథాలయం ఎక్కడుందమ్మా, దాన్ని చూద్దామనే సంగారెడ్డి నుంచి వచ్చాను, అన్నాడు. చెప్పకుండా వస్తాడన్న కొత్త ఆఫీసరు ఈయనేనని అప్పుడు తెలిసొచ్చింది. పక్కదేనని చెయ్యి చూపించాను. తాళం వేసి ఉన్న తలుపు చూసి, మరి చదివేవాళ్ళేరీ అన్నాడు. నేను నోరు తెరిచేలోపు పొయ్యి దగ్గర నుంచి అక్క అందుకుంది.

"సదివేటోళ్ళంత ఈడనే ఉన్నరు సారూ. తాళంచెవే సంగారెడ్డి బస్సుల వస్తది!"

హోటలంతా గొల్లుమంది. నా నోరు నాకు తిరిగి వచ్చింది. ఈ వేళలు పెట్టిందెవరు సార్, రాత్రంతా మిషన్ల దగ్గర నిలబడేవాళ్ళను అడిగి పెట్టారా, ఎనిమిది దాకా వీళ్ళు మెట్ల మీద కూర్చుని కళ్ళు నులుముకోవాలా, మనుషులు చదివే వేళకు తలుపు మూసి, నిద్రపోయే వేళకు తెరిచి, చదివేవాళ్ళు లేరని రాసుకుపోవడం ఎక్కడి న్యాయం అని ఊపిరి తిప్పుకోకుండా అడిగేశాను. ఆయన అంతా విన్నాడు. విని, నెమ్మదిగా, "అయితే ఆరింటికి తెరుస్తవా అమ్మా?" అన్నాడు.

"ఎందుకు తెరువ? తెరుస్త!" అన్నాను.

వాదన గెలిచాననే సంతోషంలో బస్సు ఎక్కాకగానీ నాకు వెలగలేదు, ఆరింటికి అక్కడ తలుపు తీయాలంటే నేను కోడి కంటే ముందు లేవాలి. మా ఆయనకు చెబితే అటు తిరిగి పడుకున్నాడు. ముందుకొచ్చింది మా మామగారే. ఆ మర్నాటి నుంచి చలైనా వానైనా స్కూటర్ మీద చౌరస్తా దాకా దింపేవారు, బస్సు కదిలేదాకా నిలబడి, "ఇంటి పన్ను కట్టిన, మర్చిపోకు" అని రోజూ అదే ఎగతాళి చేసేవారు. మా అమ్మ కూడా సంబరపడింది. మాకు వారంలో సెలవు శుక్రవారం కావడంతో ఆదివారాలు ఆరాధనకు రావడం లేదని ఆమెకు పెద్ద దిగులు, ఇప్పుడు పొద్దుటి పని పెందలాడే ముగుస్తుంది కాబట్టి చర్చికి వెళ్ళగలిగాను. దేవుడే ఆ ఆఫీసరును పంపాడని ఆమె ప్రార్థనలో సాక్ష్యం కూడా చెప్పింది. పేపరు లాక్కున్న సంగతి మాత్రం దాచింది.

హోటల్ అక్క తన గిరాకీ పోతుందని గొడవ చేస్తుందనుకున్నాను. ఆమె నాకంటే తెలివైంది. హోటల్‌కూ గ్రంథాలయానికీ మధ్య గోడకు కిటికీ ఒకటి ఉంటే దాన్ని తెరిపించి, చాయ్ అటునుంచే అందించేది. గిలాస చేతిలోనే ఉండాలి, బల్ల మీద పెట్టారంటే పేపరు లాక్కుంటానని నేను చాటింపు వేశాను. నన్ను మేడమని వెక్కిరించే మనిషి మెల్లగా చెల్లె అనడం మొదలుపెట్టింది.

ఆ ఆఫీసరు మళ్ళీ చెప్పకుండానే వచ్చాడు. ఈసారి గదిలో కూర్చోవడానికి చోటు లేదు. గుమ్మం దగ్గర నిలబడి, ఆటల పేజీ పట్టుకున్న ఒక ఫిట్టర్‌ను జరా ఇస్తావా అని అడిగితే, "వంతుల నిలవడు సారూ, మీదికెళ్ళి రాకు" అన్నాడు ఆ ఫిట్టర్. ఆయన నిజంగానే నిలబడ్డాడు. వంతు వచ్చాక చదివి, మడత సరిచేసి పెట్టి, నా వంక చూసి తల ఊపాడు. మా శాఖా నిలబడింది, ఆరింటి వేళలూ ఖాయమయ్యాయి.

తర్వాత నేను బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాను. హోటల్ ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది, అక్క మనవరాలిని ఎత్తుకుని వచ్చి నా బల్ల పక్కన కూర్చుని పేపరు ఆకులు విడదీయకుండా ఉండలేక అవస్థ పడుతుంది. డ్యూటీ దిగినవాళ్ళు ఇంకా వస్తారు, వాళ్ళతోపాటు కిరాయికి ఒకే గదిలో ఐదారుగురు సర్దుకుని ఉండే పోటీ పరీక్షల పిల్లలు కాస్త నిశ్శబ్దం కోసం వస్తారు. తలుపు ఇప్పటికీ ఆరింటికే తీస్తాను.

ఈ పొద్దున కూడా తీశాను. మెట్ల మీద కూర్చున్న పిల్లవాడొకడు లేచి, "మేడమ్, వచ్చే నెల నుంచి ఎనిమిదింటికంట గద?" అన్నాడు. ఎవరు చెప్పారంటే వాళ్ళ పరీక్షల గ్రూపులో వచ్చిందన్నాడు. వార్తలు ఇప్పుడు ఎవరికీ ఆలస్యం కావు, అందరికీ ఒకే క్షణంలో అందుతాయి, అదీ మంచిదే. సోమవారం ఎలాగూ ఆఫీసుకు వెళ్తాను, మా ఇంటికి ఆటోలో పోయేంత దూరమే, నా నోరూ ఇంకా మొద్దుబారలేదు. కానీ ఈ ఉత్తర్వు రాసిన మనిషెవరో ఆ సందేశంలో ఎంత వెతికినా లేదు. ఆ రోజుల్లో ఉత్తర్వు బస్సు దిగి, చెప్పుల నిండా దుమ్ముతో వచ్చి, మన బల్ల మీద చాయ్ తాగేది. దాని చేతిలోంచి పేపరు లాక్కుని, ఇదేం పద్ధతి అని అడగడానికి వీలుండేది.