గట్టు ఇవతలి మట్టి

పద్నాలుగేళ్లుగా ఒక మట్టి సంచి బరువు మోస్తున్నాను. అందులో పట్టింది నాలుగు గుప్పిళ్లు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. చిన్న తప్పే కదా అంటారేమో. చివరిదాకా చదివి అనండి.

మాది ఆర్మూర్ దగ్గర, ఆలూర్ వైపు పల్లె. మా బాపుకు ఇద్దరం ఆడపిల్లలమే. నాలుగెకరాల ఎర్ర చెల్క నేలకు నడుమ గట్టు వేసి చెరి సగం ఇచ్చాడు. బావి చెల్లెలి వైపు పడింది. దానికన్నా నన్ను కాల్చింది ఇంకొకటి. పసుపు వేసే రోజు మొదటి కొమ్మును చెయ్యి మంచిదని పేరున్న మనిషి చేత పెట్టిస్తారు. బాపు ఏటా చెల్లెలి చేతే పెట్టించేవాడు. పెద్దదాన్ని నేను. ఒక్కసారీ పిలవలేదు. ఇది సాకు కాదు. ఈర్ష్య, అంతే.

చెల్లెలి భర్త గల్ఫ్‌కు పోయాక ఆమె పిల్లల చదువుకని ఆర్మూర్‌లో ఉంది. ఆ తొమ్మిదేళ్లూ ఆమె పొలం నేనే చేశాను. కౌలు ఎగ్గొట్టలేదు. నేను ఎత్తుకొచ్చింది వేరు. పసుపు తవ్వాక ఆకు కూడా మిగల్చలేదు. పసుపు సాళ్ల నడుమ వేసిన మక్కజొన్న చొప్పను మొదలంటా కోసి నా బర్లకు వేశాను. వాటి పెంట నా పొలంలో పోశాను. పసుపు ఉడకబెట్టిన పొయ్యి బూడిద కూడా నా పొలంలోనే చల్లాను. ఇవతలి నుంచి అవతలికి ఒక్క గంప పోలేదు.

తెలియక చేశానా? మొదట్లో తెలియదు. తర్వాత ఒక వ్యవసాయ పుస్తకంలో చదివాను. పైరు నేలలోంచి సున్నం, పొటాషు లాంటివి పీల్చుకుంటూ వేళ్ల దగ్గర కొంత ఆమ్లం వదులుతుంది. ఆకూ కాడా అక్కడే మురిగితే చాలావరకు సరిపోతుంది. అంతా కోసి మోసుకుపోతే ఆ పులుపు నేలలోనే ఉండిపోయి ఏటేటా పెరుగుతుంది. నల్లరేగడి కొంతకాలం తట్టుకుంటుంది, చెల్క తట్టుకోలేదు. ఆ పేజీ రెండుసార్లు చదివాను. మరునాడు చెల్లెలి పొలంలో చొప్ప కోయించాను.

మరిది నడుము దెబ్బతో తిరిగొచ్చాడు. చెల్లెలు పొలం తీసుకుని, మొదటి కొమ్ము తనే పెట్టుకుంది. పసుపు మోకాలెత్తు దాటలేదు. రెండో ఏడూ అంతే. అప్పుడు పొలంలో నాలుగు చోట్ల మట్టి తీసి, కలిపి, గుడ్డసంచిలో కట్టింది. నేను ఆర్మూర్ పోతున్నానని తెలిసి పరీక్షకు ఇచ్చి రమ్మంది.

ఊరు దాటకముందే నా పొలం దగ్గర ఆగాను. సంచి బోర్లించి, గట్టు ఇవతలి మట్టితో నింపాను. భయపడ్డానా? నిజం బయటపడితే ఏమయ్యేది, పెంటలో సగం అడిగేది. దానికోసం కాదు. ఆమె చేత పండకపోవడం ఇంకొన్నాళ్లు చూడాలనిపించింది.

నేల బాగుందని కాగితం వచ్చింది. చెల్లెలు మా వాకిట్లో కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అక్కా, మట్టి మంచిగనే ఉన్నదట. మరి నా తాన ఎందుకు పండుతలేదు?"

"మట్టి మంచిగున్నది, నీళ్లున్నయి. ఇగ మిగిలింది నీ చెయ్యే."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

"మరి బాపు ఎన్నడు గట్ల అనకపాయె?"

"బాపుకు నువ్వంటే పానం గదనే. నీ మొకం మీద ఎట్లంటడు?"

ఆ తర్వాత ఆమె యూరియా పెంచింది. అది పులుపును ఇంకా పెంచుతుందని నాకు తెలుసు. నోరు విప్పలేదు. మూడో ఏడు కూలి మనిషి చేత కొమ్ము పెట్టించి, తను గట్టు మీద రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడింది. అప్పుడూ పండలేదు. గట్టు మీద తను నిలబడినందుకే అనుకుంది. పొలం అమ్మేశారు. ఆమె మళ్లీ ఆర్మూర్ చేరి, మార్కెట్‌లో పరాయివాళ్ల పసుపు ఏరే కూలికి పోయింది.

కొన్నవాడు ఏర్గట్ల ఊరి మనిషి. మట్టి తనే తీసుకుపోయి పరీక్ష చేయించాడు. సున్నం చల్లాడు, పెంట తోలాడు. రెండో ఏటికే పసుపు ఛాతీ ఎత్తు లేచింది. సున్నం సంచులు దింపుతుంటే గట్టు ఇవతలి నుంచి చూశాను. చెల్లెలు చూడలేదు. పంట సంగతి మాత్రం విన్నది.

"చూసినవా అక్కా," అంది, "నా చెయ్యి తీసినంక పండింది."

అప్పుడైనా చెప్పాను అనుకుంటున్నారా? తల ఊపాను.

పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయింది. చివరిదాకా కుండీలో బంతి గింజ కూడా వేయలేదు. ఈ ఏడు పసుపు వేసేటప్పుడు ఆమె కూతురిని పిలిచాను, మొదటి కొమ్ము పెట్టమని. ఎందుకు పిలిచాను? తప్పు దిద్దుకోవడానికా, నోరు విప్పకుండా తప్పించుకోవడానికా? పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. నాదీ మా అమ్మ చెయ్యే."

ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. కొమ్ము నేనే పెట్టాను. చిన్నప్పటి నుంచి కోరుకున్నది అలా దక్కింది.

ఆ మాట ఇదీ: మీ అమ్మ చేతిలో ఏ దోషమూ లేదు, నేలను పులియబెట్టింది నేను, సంచిలో మట్టి మార్చింది నేను. మీకైతే రాసేశాను. కాసేపు ఊపిరి ఆడింది. అది కూడా నాకు దక్కవలసింది కాదు.