చీపురుపుల్లతో విడదీసిన జంట

ఇది జరిగినప్పుడే రాసి ఉండేదాన్ని, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పటి నుంచీ మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో నలుగురి ఇళ్ళల్లో పాచిపనే సరిపోయింది. అరవై దాటాక, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ కూర్చోబెట్టి నేర్పింది. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను.

మా కాంపౌండులో కాపురాలన్నిటికీ ఒకటే పంపు. ముంగిలి కడగడం వంతులవారీగా. ఆ వానల్లో నా వంతు వచ్చిన పొద్దున, పంపు పక్క గోడవార రెండు రోకలిబండ పురుగులు కనిపించాయి. నా కూతురి కూతురు, పన్నెండేళ్ళది, అప్పటికే గొంతుకూర్చుని వాటినే చూస్తా ఉంది.

"అవ్వా, ఈడ నీళ్ళు పొయ్యొద్దు. జతకడుతుండాయి."

సన్నది లావుదాని వీపెక్కి తల దాకా పాకింది. తర్వాత రెండూ తలలెత్తి, పొట్టకు పొట్ట ఆనించుకుని మెలిపడ్డాయి. కాళ్ళు మాత్రం అలల్లా కదులుతున్నాయి. నేనూ చీపురు ఆపి చూశాను. ఏటా ఉప్పు చల్లి చంపడమే గానీ, ఇట్లా ఎన్నడూ చూడలేదు.

అంతలో బిందెతో వచ్చిన పక్కింటామె వంగి చూసింది. "ఏందక్కా, మనవరాలికి శోభనం చూపిస్తా ఉండావా? ఇంక దానికి నువ్వు చెప్పాల్సిన పనే లేదు పో!"

పంపు దగ్గరి ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎదుగుతున్న ఆడపిల్ల. చీపురుపుల్ల విరిచి రెండింటి మధ్య దూర్చి విడదీశాను. లావుది చుట్టచుట్టుకుపోయింది. సన్నది అక్కడక్కడే వెతుక్కుంటూ తిరిగింది. దాన్ని తూములోకి నెట్టేశాను.

"సిగ్గు లేదటే నీకు? లోపలికి పో!" అని పిల్ల మీద అరిచాను.

పిల్ల ఏడవలేదు. "నేనేం తప్పు చేసినా అవ్వా?" అంది. అందరూ వింటున్నారని నేను చీపురందుకుని ముంగిలి కడగసాగాను.

చీమనీ బల్లినీ నాకు చూపిస్తే గానీ అన్నం తినని పిల్ల, ఆ సాయంత్రం బడి నుంచి తల వంచుకుని వచ్చింది. చెయ్యి కడుక్కోవడానికి కూడా, పంపు దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని గడపలోనే ఆగిపోయింది. అది నేను చూశాను.

మర్నాడు పొద్దున అందరూ నీళ్ళు పట్టుకుంటుండగానే పిల్లని పిలిచాను. "నిన్న నువ్వేం తప్పు చెయ్యలేదు. తప్పు నాది," అన్నాను.

"పొద్దున్నే ఏమైందక్కా నీకు?" అంది పక్కింటామె.

"జతకట్టిన రోకలిబండల్ని విడదీసినా గదా, అందుకు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. పిల్ల నవ్వలేదు, నా దగ్గరికీ రాలేదు. సంచి తగిలించుకుని బడికి పోయింది. లావుదైనా బతికి ఉందేమోనని, వాళ్ళ బిందెల మధ్యనే వంగి గోడవార తడి ఆకులు ఒక్కొక్కటీ ఎత్తి చూశాను.