ఆమెకు కోపం వచ్చింది, నిజమే

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం నాన్నగారి ఒక్కరి సొత్తు. ఆయన కూడా దాన్ని నాలుగు గోడల మధ్యే వాడుకునేవారు. గుమ్మం దాటితే ఎవరేమన్నా చిరునవ్వే. గుంటూరు నుంచి అమెరికా వచ్చి కొన్నేళ్ళయినా గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు. అది వచ్చేదాకా ఎవరి కంట్లోనూ పడకుండా, ఎవరి నోట్లోనూ నానకుండా బతకాలని ఆయన అభిప్రాయం. అమ్మ ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. అక్కడ ఎవరైనా తన పేరు తప్పుగా పిలిచినా ఆ తప్పు పేరుకే పలికేది.

మేముండేది న్యూజెర్సీలో, పిస్కాటవేలో, పెద్ద రోడ్డు పక్కన ఉన్న అపార్ట్‌మెంట్లలో. ఎనభైల మొదటి రోజులు. ఇప్పటిలా అడుగడుక్కీ తెలుగువాళ్ళు కనబడే కాలం కాదు. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర పెద్దలు కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ దేశంలో ఎలా మెలగాలో చెప్పేవారు. మా పక్క ఫ్లాట్‌లో ఒక నల్లజాతి కుటుంబం ఉందని విని, ఒక పెద్దాయన అమ్మను హెచ్చరించడం నాకింకా గుర్తే. "వాళ్ళ ఆడవాళ్ళతో జాగ్రత్తమ్మా. నోరు పెద్దది. ఊరికే మీద పడిపోతారు" అన్నారు. ఆ మాటన్న మనిషి అప్పటికి ఒక్క నల్లజాతి ఇంట్లోనూ గ్లాసుడు మంచినీళ్ళు తాగి ఎరగరు. మరి ఎక్కడ నేర్చుకున్నారంటే, మేమంతా నేర్చుకున్నచోటే. టీవీ పెడితే చాలు, నడుం మీద చేతులు పెట్టుకుని, తల అటూ ఇటూ ఊపుతూ అరిచే నల్లజాతి ఆడమనిషి ఒకతె కనబడేది. ఆమె అరిచినప్పుడల్లా వెనక నుంచి నవ్వులు. ఆమెకు కోపం ఎందుకొచ్చిందో మటుకు ఎవరూ చూపించేవారు కాదు.

మా పక్కింటి ఆంటీ అలా ఉండేది కాదు. టెలిఫోన్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేసేది. పగలంతా ఫోన్లో మండిపడే జనానికి నచ్చజెప్పడమే ఉద్యోగం. ఆ అలవాటో ఏమో, ఆవిడ గొంతు ఎప్పుడూ ఒక్క ఎత్తులోనే ఉండేది. నేను "ఆంటీ" అని పిలిస్తే మొదట్లో నవ్వేది, తర్వాత ఆ పిలుపు నచ్చింది. ఆవిడ కూతురు ఒకటో తరగతి, నేను నాలుగు. బస్‌స్టాప్ దాకా దాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది నేనే.

అంతకుముందు బడి బస్సు మా గేటు లోపలికే వచ్చేది. ఆ ఏడు రూటు మార్చారు. మేము రోడ్డు దాటి అవతలి పక్కన ఎక్కాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు కాబట్టి బస్సు ఎర్రలైట్లు వేసి ఆగినా మామూలు రోడ్డు మీదలా మావైపు వచ్చే వాహనాలు ఆగనక్కర్లేదట. ఆంటీ బడి ఆఫీసుకు ఎన్నోసార్లు ఫోన్ చేసింది. చూస్తామన్నారు. చలికాలం వచ్చింది. ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఒక ఉదయం రోడ్డంతా మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. ఆ రోజు ఆంటీ కూడా మాతో వచ్చింది. అవతల బస్సు కనబడేసరికి, వెళ్ళిపోతుందేమోనని నేను రోడ్డు మీదికి అడుగేశాను. ఒక ట్రక్కు బ్రేకు వేసింది కానీ ఆగలేదు, పక్కకి జారుతూ వచ్చింది. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా ఎవరో వెనక నుంచి నా కోటుకి కుట్టిన టోపీ పట్టుకుని లాగారని. మెడ కోసుకుపోయినట్టనిపించి మంచు కుప్పలో వెల్లకిలా పడ్డాను. చేతిలోని లంచ్‌బాక్స్ ట్రక్కు కింద నలిగిపోయింది. తెల్లటి మంచు మీద పసుపుపచ్చగా పులిహోర. ఆంటీ నన్ను లేపి, ఒళ్ళంతా తడిమి చూసి, గుండెకు హత్తుకుంది. అంత జరిగినా ఒక్క కేక వేయలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అమ్మ ఏడ్చింది, నాన్నగారు ప్రార్థన చేశారు. "దేవుడి దయ, ఏమీ కాలేదు కదా" అన్నారు. అంతటితో అయిపోయిందనుకున్నారు. అప్పుడు ఆంటీ తలుపు తట్టింది. వచ్చే వారం ఊళ్ళో బడులు నడిపే స్కూల్ బోర్డు మీటింగ్ ఉంది, వెళ్ళి అడుగుదాం రమ్మంది. నాన్నగారికి ఇష్టం లేదు. కాని పిల్లను కాపాడిన మనిషి అడిగితే కాదనలేకపోయారు. ఆవిడ వెళ్ళాక అమ్మతో, "వెళ్ళు. వెనకాల కూర్చో. నోరు మాత్రం విప్పకు" అన్నారు.

మీటింగ్ బడి లైబ్రరీలో. అమ్మ చీర మీద స్వెట్టర్, దాని మీద బరువైన కోటు వేసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎదురుగా పొడవాటి బల్ల వెనక బోర్డువాళ్ళు, మధ్యలో ఛైర్మన్. తన వంతు రాగానే ఆంటీ మైకు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఫోన్లో చెప్పే గొంతుతోనే, అంతే నిదానంగా. చివర్లో, "స్టాప్ ఎందుకు మార్చారో చెప్పండి. మళ్ళీ ఎప్పుడు మారుస్తారో చెప్పండి" అని అడిగింది.

ఛైర్మన్ రెండు చేతులూ ఎత్తి గాలిని కిందికి నొక్కుతున్నట్టు ఊపుతూ, "మేడమ్, కాస్త శాంతించండి. ఇంత కోపం అవసరం లేదు" అన్నాడు.

"నేను గొంతు పెంచలేదు సార్. నా ప్రశ్నకు జవాబు అడుగుతున్నాను."

"చూశారా, మీరు ఇలా మాట్లాడితే మేము మీకు సాయం చేయలేం."

బల్ల వెనకున్న ఒకావిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ పోలీసు మెల్లగా నడిచివచ్చి ఆంటీ పక్కన నిలుచున్నాడు. అతని నడుం మీది బెల్టు, దానికి వేలాడే తుపాకీ సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉన్నాయి. ఆంటీ వాటి వంక చూడలేదు. మరోసారి అదే ప్రశ్న అడిగింది. సమయం అయిపోయిందన్నారు. వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

తర్వాత ఒక తెల్లాయన లేచాడు. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో లైట్లు సరిగ్గా వెలగడం లేదని ఆయన బాధ. మైకు దగ్గర నిలబడి అరిచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. బల్ల మీద చేత్తో కొడితే గ్లాసులో నీళ్ళు తొణికాయి. "మీరంతా పనికిమాలినవాళ్ళు" అన్నాడు. పోలీసు అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళి గోడమీద బొమ్మలు చూస్తున్నాడు. ఛైర్మన్ ముందుకు వంగి, "మీ ఆవేదన మాకు అర్థమైంది. పిల్లల గురించి ఇంత తపన పడే తండ్రులుండడం ఈ ఊరి అదృష్టం" అన్నాడు. లైట్ల సంగతి ఆ వారమే చూస్తామన్నాడు.

నేను అమ్మ వంక చూస్తే అమ్మ కుర్చీలో లేదు. లేచి నిలబడింది. మైకు దగ్గరికి వెళ్ళాలని కూడా తెలియక, ఉన్నచోటనే తన గుంటూరు ఇంగ్లీషులో, "సార్, ఆవిడకి కోపం లేదు. ఆవిడ చాలా మంచిది. అరవలేదు. అరిచింది ఆ సార్" అంది.

ఛైర్మన్ అమ్మను చూసి హాయిగా నవ్వాడు. "థాంక్యూ మేడమ్. ఎంత మర్యాదగా చెప్పారో! ఇలా చెబితే మేము తప్పకుండా వింటాం. మీ వాళ్ళ పిల్లలు బడిలో కూడా ఇంత వినయంగానే ఉంటారు." మాటలు అమ్మతో, చూపు ఆంటీ మీద. అమ్మకి అది మెప్పో కాదో అర్థమయ్యేలోపే, అలవాటు కొద్దీ నోట్లోంచి "థాంక్యూ" వచ్చేసింది.

ఆ మనిషి అమ్మను మెచ్చుకోలేదు. ఆంటీని కొట్టడానికి చేతికందిన కర్రలా అమ్మను వాడుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నవ్వు గుర్తొస్తే నా పళ్ళు బిగుసుకుంటాయి.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆంటీ కారెక్కింది కాని స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "నేను చెప్పాగా సిస్టర్ వాళ్ళకి, మీకు కోపం లేదని" అంది.

"అదే చెప్పకుండా ఉండాల్సింది" అంది ఆంటీ. "నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఈ పిల్ల టోపీ నా చేతికి అందకపోతే ఏమయ్యేదో మీకు తెలుసు, నాకు తెలుసు. దానికి కోపం రాకపోతే నేనేం మనిషిని? ఆయన నా కోపం గురించి ఎందుకు మాట్లాడాడంటే, అది మాట్లాడితే రోడ్డు గురించి మాట్లాడే పని తప్పుతుంది. మీరూ లేచి నా కోపం గురించే మాట్లాడారు. రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు."

అమ్మ తల దించుకుంది. ఆంటీ, "మా అమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. నేనూ తగ్గించాను. ఎంత తగ్గించినా వాళ్ళ చెవులకి అది అరుపే. ఇక తగ్గించడానికి ఏమీ మిగల్లేదు" అంది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "నిజం చెప్పండి. మీకు రాలేదా కోపం?"

అమ్మ ముందు తెలుగులో అంది, తనలో తాను అనుకున్నట్టు: "వచ్చింది." తర్వాత ఇంగ్లీషులో, "ఆ రోజు నుంచీ ఉంది సిస్టర్. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు" అంది.

మర్నాడు పొద్దున అమ్మ ల్యాబ్‌కి సెలవు పెట్టింది. వాళ్ళిద్దరూ అపార్ట్‌మెంట్లలోని తల్లుల తలుపులన్నీ తట్టారు. కొందరు వచ్చారు, కొందరు రాలేదు. బస్సు అవతల ఆగి హారన్ కొట్టింది. మేమెవరం దాటలేదు. తల్లులు మా చేతులు పట్టుకుని ఇవతలే నిలబడ్డారు. మరుసటి రోజూ అంతే. బడి నుంచి ఒక అధికారి కారులో వచ్చి, ఆంటీని దాటుకుని నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాడు. "మీలాంటి నెమ్మదస్తులు కూడా ఇలా చేస్తే ఎలా?" అన్నాడు. అమ్మ ఆంటీ పక్కకి వెళ్ళి నిలబడింది. "నేను నెమ్మదస్తురాలిని కాదు. నాకు చాలా కోపంగా ఉంది. ముందు ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పండి" అంది. అమ్మ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారం దాటకుండానే బస్సు మళ్ళీ గేటు లోపలికి రావడం మొదలైంది. గెలిచామని పిల్లలం గంతులేశాం. కాని న్యాయం జరిగిందా అంటే, లేదనే చెప్తాను. బడిలో అమ్మ ఎదురుపడితే టీచర్లు మునుపటిలాగే నవ్వేవారు. ఆంటీ వస్తే మాటలాపేవారు. ఆవిడ ఆరేళ్ళ కూతురు ఒకరోజు క్లాసులో "ఎందుకు?" అని అడిగిందట. పొగరు ఎక్కువ, అచ్చం తల్లిలాగే అని మూలన కూర్చోబెట్టారు. ఆ పిల్లంత మెతక పిల్లను నేను చూడలేదు. ఎందుకని అడగడం నేనూ అడిగేదాన్ని. నన్ను తెలివైనదన్నారు.

ప్రార్థన కూటంలో ఆ పెద్దాయన ఈ కథంతా విని, "నే చెప్పలా, ఆవిడతో చేరి నువ్వూ రోడ్డున పడ్డావు" అన్నారు. అమ్మ వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టింది. "అన్నయ్యగారూ, ఆ మాట మళ్ళీ నా ముందు అనకండి. ఆవిడ చెయ్యి లేకపోతే ఇవాళ నా బిడ్డ పేరున ప్రార్థన చేసేవాళ్ళు మీరు" అంది. నాన్నగారు అమ్మను వారించబోయి, ఎందుకో ఆగిపోయారు.

ఇప్పుడు నాకు ఆ రోజుల్లో అమ్మకున్న వయసుకంటే చాలా ఎక్కువే. ఉద్యోగంలో నేనూ ఎన్నో బల్లల వెనక కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట, ఒక నల్లజాతి అమ్మాయి గురించి, "పని బాగా చేస్తుంది, కాకపోతే కోపం కాస్త ఎక్కువ" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మిగతావాళ్ళు తలలూపుతారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటను దాచుకోను. అలాగని, అబ్బే, ఆమెకు కోపమేం లేదు, మంచి పిల్ల అని వెనకేసుకురాను. ఒక్కటే అడుగుతాను: "దేనికి?"

ఆమె కోపం గురించి గదిలో అందరికీ అభిప్రాయముంటుంది. దేనికొచ్చిందో చెప్పమంటే ఒక్కరికీ తెలియదు. కాగితాలు సర్దుకుంటారు, గడియారం వంక చూస్తారు, తర్వాతి విషయానికి వెళ్దామంటారు. నేను మటుకు వెళ్ళనివ్వను. ఎవరో ఒకరు లేచి ఆ అమ్మాయిని అడిగి వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.