నా చేతికి అందిన పిన్ను

“వేళ్లు ఇంకా లాగుతున్నాయా?” అని సుభద్రక్క రైలు కిటికీలోంచి అడిగింది. “నాకేటి, బాగానే ఉన్నాను. నువ్వు తినకుండా పడుకోకు” అన్నాను. హౌరా స్టేషన్లో మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. విశాఖ వెళ్లిన ఏడాదే ఆవిడ పోయింది. ఈ పొద్దున షాలిమార్ సందులో, ఫోన్లు బాగుచేసే కొట్టు దగ్గర, తీగలు అతికించే సోల్డరు పొగ ముక్కుకు తగిలింది. ఆవిడ గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

మాది శ్రీకాకుళం వైపు, బతకడానికి ఈ బెంగాలీ ఊరొచ్చాం. ఓడల డాకులో పనిచేసే మా ఆయన పోయాక, పని వెతుక్కుంటూ భవానీపూర్‌లో సుభద్రక్క వర్క్‌షాపుకు వెళ్లాను. ఆవిడ ఇంజనీరు చదివిన మనిషి. బంగాళాదుంపల కోల్డ్ స్టోరేజీలకు వేడి, తేమ చూపించే చిన్న పెట్టెలు చేసేది. పెట్టెలో ఒక బోర్డు, దానికి వరసగా పిన్నులు. వేడీ తేమా పసిగట్టే సెన్సారు తీగను ఫలానా పిన్నుకే అతికించాలి. అదేమో మూలన, ఇరుకులో ఉండేది. పాత ఫ్యాక్టరీలో నలిగి బిగుసుకుపోయిన నా కుడిచేతి వేళ్లు అక్కడికి పోయేవి కావు. వారం చూసి, మేమంతా దాదా అని పిలిచే పని మేస్త్రీ ఈమెతో కాదు, పంపించెయ్యమన్నాడు. ఇంట్లో పిల్లలకేం పెట్టాలో తెలియక బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

సుభద్రక్క స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. “నీ చెయ్యి ఎక్కడికి సులువుగా పోతుంది?”

అంచున ఉన్న పిన్ను చూపించాను.

“అయితే అక్కడే అతికించు.”

“కంప్యూటర్లో ఆ మూల పిన్నే రాసుందంట గదక్కా?”

“రాసింది నేనే కదే. మారుస్తాను.”

సెన్సార్లను చదివే ప్రోగ్రాములన్నీ ఒకచోట కట్టి పెట్టుకుని, దాన్ని లైబ్రరీ అనేది. అందులో లోపల నాటేసిన పిన్ను నంబర్లన్నీ పీకేసింది. ఇకమీదట ఏ తీగ ఏ పిన్నుకో ఏ పెట్టెకా పెట్టె తన ప్రోగ్రాము మొదట్లోనే చెప్పుకోవాలి. చెప్పకపోతే పాత పిన్నే అనుకుంటుంది, అలా పెట్టకుంటే అదివరకు అమ్మిన పెట్టెలు పనిచెయ్యవట. తేమ సెన్సారుకు ఒక వరస పిన్నులే పనికొస్తాయని ఆ వరసకు ఎర్ర రంగు పూసిచ్చింది. నేను అతికించి నంబరు చెబితే ఆవిడ టైపు చేసేది. దాదా ఆ లైబ్రరీ పని పట్టాలని రెండు తీగలకూ ఒకే పిన్ను చెప్పాడు. అది ఒప్పుకోలేదు, ఏ పిన్ను దగ్గర గొడవో కూడా చూపించింది. “మీ అక్క కంటే ఇదే నయం, తిట్టకుండా చెప్తోంది” అన్నాడు దాదా.

తరవాత ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లు వేడెక్కితే గంట మోగాలన్నారు. గంటకు ఆ మూల పిన్నే కావాల్సి వచ్చింది. నా తీగ అంచుకు మారిపోవడంతో అప్పటికే అది ఖాళీ. కొనడానికి వచ్చినాయనకు దాదా నన్నే చూపించి, ఈ దీదీ చేతి కోసం మార్చాం, మీకూ పనికొచ్చింది అన్నాడు. నేను తల దించుకోలేదు.

ఆవిడ లేకపోయినా నడుస్తున్న ఆ వర్క్‌షాపులో ఇప్పుడు కొత్తపిల్లలకు పని నేర్పేది నేనే. ఎవరి చెయ్యి ఎటు తిరుగుతుందో చూశాకే బల్ల ఎక్కడ వెయ్యాలో చెప్తాను. ఇది ఆవిడ నాకిచ్చిపోయిన చదువు.

నేను చెప్తుంటే రాస్తున్నావు గదా కోడలా, ఆవిడ పేరు సరిగ్గా రాశావా? ఏదీ, మొదట్నుంచీ చదివి వినిపించు.