బన్సీలాల్‌పేట్‌లో మంచు

మా వదిన పోయిందని మా అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలిందట, అంతే. "అన్నీ చూసే వెళ్లిందిరా," అన్నాడు. నేను పద్మారావు నగర్‌లో వాళ్లింటికి చేరేసరికి, వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే మాట అంటున్నాడు. వచ్చినవాళ్లు తలాడిస్తున్నారు. పసుపు కుంకుమలతో వెళ్లిపోయింది, ఎంత అదృష్టవంతురాలు అనుకుంటున్నారు.

అన్నీ చూడలేదు. మంచు చూడలేదు. విజయనగరంలో వాళ్ల పెళ్లినాడు, అప్పగింతలయ్యాక, కళ్లు తుడుచుకుంటున్న పెళ్లికూతురితో మా అన్నయ్య అందరూ వింటూండగా అన్నాడు: "ఏడవకు. వచ్చే వేసవికి నీకు హిమాలయాల్లో మంచు చూపిస్తాను." ఆవిడ అప్పుడే ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. కన్నీళ్ల మధ్యే నవ్వింది. ఆ మాట విన్నవాళ్లలో ఇంకా మిగిలినవాళ్లం ఏ కొద్దిమందిమో. మిగతావాళ్లు మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు. నాకు ఇలాంటివే గుర్తుంటాయి కనకే చుట్టాలు నన్ను శుభకార్యాలకి పిలవడం తగ్గించారు.

ఆవిడ సికింద్రాబాద్‌లో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో పదవీ విరమణ దాకా ఫిజిక్స్ చెప్పింది. మంచు గురించీ, గడ్డకట్టడం గురించీ, కరగడం గురించీ ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి చెప్పిందో. నేను పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దుతూ బతికినవాణ్ని. చేతికందిన పుస్తకమల్లా చదివాను. అనువాద నవలల్లో కురిసిన మంచుని వందల పేజీల్లో చూశాను. అదేదో ఘనకార్యంలా ఆవిడ ముందు చెబితే, "తడిసిందేటి మీ చొక్కా?" అని అడిగేది.

వాళ్ల వరండాలో స్తంభానికి ఒక థర్మామీటరు వేలాడుతూ ఉండేది. పాలవాడు వచ్చేసరికి ఆవిడ దాని ముందు నిలబడి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, చూసేది. "ఎండలు మండిపోతున్నాయి" అని ఆవిడ ముందు ఎవరూ అనడానికి వీల్లేదు. ఎంత అని అడిగేది. జ్వరమన్నా అంతే, కూరలో ఉప్పెక్కువైందన్నా అంతే. "ముందు కొలు, తర్వాత తిట్టు" అని పిల్లలకి చెప్పేదట. నాకూ చాలాసార్లు చెప్పింది. నేను కొలవకుండా తిట్టే రకమని ఆవిడకి తెలుసు.

వేసవులు వచ్చాయి, పోయాయి. ఒక ఏడు మా అన్నయ్యకి సెలవు దొరకలేదు, ఒక ఏడు ఆఫీసులో ఆడిటు, ఒక ఏడు ఆయన స్నేహితులతో కలిసి తీర్థయాత్ర. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను. "వదినా, ఢిల్లీ రైలెక్కితే ఎంతసేపు? మీ జీతం మీ చేతిలో ఉంది. మీరే వెళ్లి చూసి రావచ్చు కదా."

ఆవిడ వక్క కత్తిరిస్తూ, తలెత్తకుండా చెప్పింది. "నేనే వెళ్లి వచ్చేస్తే మీ అన్నయ్య ఆ మాట మర్చిపోతారు మరిదిగారూ. మర్చిపోనివ్వకూడదు."

భార్యలు భర్తల కోసం ఎదురుచూడటం గురించి నేను చాలా చదివాను. ఇలాంటి ఎదురుచూపు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. ఇది కోర్టులో వాయిదాకి ప్రతిసారీ హాజరయ్యే మనిషి ఓపిక.

తర్వాత సాఫ్ట్‌వేర్ రోజులొచ్చాయి. మాదాపూర్ వైపు రాళ్లు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్నారు. రిటైరైన మా అన్నయ్యకి వ్యాపారం మీదకి మనసు పోయింది. ఒక స్నేహితుడితో కలిసి విదేశం నుంచి దిగిన పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నాడు. బస్సంత పొడవుండదు గానీ లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, స్నానాలగది అన్నీ ఉన్న బండి. కంపెనీలకి వచ్చే విదేశీ అతిథులని ఊళ్లు తిప్పడానికి అద్దెకిచ్చేవాడు. కాప్రా చెరువు దగ్గర ఒక షెడ్డులో పెట్టుకునేవాడు. కొన్న రోజునే వదినతో చెప్పాడు. "ఇక రైళ్లూ హోటళ్లూ లేవు. ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుని మంచు దగ్గరికి పోదాం."

రెండు వేసవులు ఆ చక్రాల ఇల్లు ఎవరెవరినో తిప్పింది. మూడో వేసవిలో, మే నెలలో, ఎలాగో ఖాళీ దొరికింది. ఆవిడ అప్పటికి రిటైరైంది. స్వెటర్లు ఎండలో వేసింది. మా అన్నయ్యకి ఉన్ని టోపీ అల్లింది. వాళ్లిద్దరూ, వాళ్లకి తోడుగా నేనూ వెళ్లాలని అనుకున్నాం. బయలుదేరడానికి ముందురోజు బండిలో ఏసీ రావడం మానేసింది.

వదినకి రక్తపోటు ఉంది. ఏసీ లేకుండా మే నెలలో నాగపూర్ దాటడం కుదరదని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని బండిని బన్సీలాల్‌పేట్‌లో తెలిసిన మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాం. అతను బానెట్ ఎత్తి, దించి, చేతులు తుడుచుకున్నాడు.

"గ్యాస్ ఖతమైంది సార్. కంప్రెసర్ సుత పోయినట్టుంది. ఈ బండి సామాను ఇక్కడ దొరకది. జెర టైం పడ్తది."

మా అన్నయ్య ముఖంలో నేను చూసింది విచారం కాదు. "సరే, ఏం చేస్తాం. వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు, బస్సు తప్పిపోయినవాడిలా కాక, బస్సు తప్పించుకున్నవాడిలా.

"గ్యాసు కొలిచావా బాబూ?" అంది వదిన.

"కొల్చెడిదేముంది మేడం. చల్లగ వస్తలేదు గదా."

ఆవిడ మెట్టెక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ముందున్న పలకలో అంకె వెలిగింది. బయటి ఉష్ణోగ్రత, మైనస్ నలభై. పక్కనే నారింజ రంగులో ఆరు రేకుల మంచుపువ్వు బొమ్మ. రోడ్డు మీద మంచు ఉండొచ్చు, జాగ్రత్తగా నడుపు అని డ్రైవరుకి హెచ్చరిక అది.

"అది పాగల్ అయింది మేడం. బండి వచ్చినప్పటి సంది గట్లనే చూపిస్తున్నది."

"పిచ్చెక్కలేదు నాయనా. దానికి ఎలా చెబితే అలా నమ్ముతోంది." ఆవిడ దిగి, బండి చుట్టూ నడవడం మొదలుపెట్టింది. నడుస్తూనే చెప్పింది, క్లాసులో చెప్పినట్టు. బయటి వేడి చూడటానికి బండికి ఎక్కడో ఒక చిన్న గింజ ఉంటుంది. వేడెక్కితే ఆ గింజ కరెంటుని తేలిగ్గా పోనిస్తుంది. చల్లబడిన కొద్దీ అడ్డుకుంటుంది. తీగ తెగిపోయిందనుకోండి, కరెంటు అసలు పోదు. అంటే ఇక ఇంతకన్నా చలి లేదని బండి అనుకుంటుంది. బయట అంత చలిగా ఉంటే ఏసీ ఎందుకని కంప్రెసర్‌ని ఆపేస్తుంది.

వెనక వచ్చే బళ్లు చూసుకునే ఎడమవైపు అద్దం కింద ఆగింది. అద్దం గూటి అడుగున ఆ గింజ నల్లటి ముల్లులా పొడుచుకొచ్చి ఉంది. దానికి నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ గుచ్చిన దారం వేలాడుతోంది. వాటి పైన పాత దారాల ముడులు, వారం వారం కట్టినవి, లాగి తెంపినవి. ఆ లాగుడికే లోపలి తీగ తెగింది.

"ఏమండీ," అంది వదిన. "ఇది గోడకి కొట్టిన మేకు అనుకున్నారేటి?"

మా అన్నయ్య ఆ దారం వంక చూశాడు. "దేనికో దానికి పెట్టే ఉంటారు కదా అని కట్టాను. నలుగురి కళ్లూ పడే బండి. దిష్టి తగలకుండా."

"దిష్టి తగల్లేదు లెండి. చలి తగిలింది."

మెకానిక్ పగలబడి నవ్వాడు. మా అన్నయ్య నవ్వలేదు. నలుగురి ముందూ చులకనైనప్పుడు ఆయన పెద్ద మాటలు మాట్లాడతాడు. "అంత తెలిసినదానివైతే నువ్వే బాగుచెయ్యి. సాయంత్రానికల్లా ఏసీ వస్తే రేపు తెల్లారేసరికి బయలుదేరదాం. మాట."

"మరిదిగారూ, విన్నారు కదా," అంది ఆవిడ.

విన్నాను. రెండోసారి విన్నాను.

మెకానిక్ రాణిగంజ్ వెళ్లి, పాత సామాన్ల కొట్లో ఏవేవో కార్లవి అలాంటి గింజలే గుప్పెడు పట్టుకొచ్చాడు. ఏది ఈ బండికి సరిపోతుందో వాడికీ తెలీదు, ఆవిడకీ తెలీదు. ఆవిడ దగ్గరున్నది ఒక పద్ధతి. చెరుకురసం బండివాణ్ని అడిగి, ఊక అంటిన ఐసు గడ్డ తెప్పించింది. కడిగి, పగలగొట్టి, నా టిఫిన్ గిన్నెలో నీళ్లు పోసి వేసింది. అద్దం ఊడదీసి, లోపలి తీగల కొసలు బయటికి లాగి, ఒక్కో గింజనీ వాటికి చేత్తోనే మెలేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఐసులో ముంచింది.

"ఏ తీగ దేనికి మేడం?"

"ఎటైనా ఒకటే. దీనికి కులం గోత్రం లేవు."

మొదటిదానికి పలక మీద అంకె మైనస్ పదకొండు చూపించింది. రెండోదానికి పంతొమ్మిది. ఆవిడ తీసి పక్కన పెట్టింది. "బండి అబద్ధం చెప్పొచ్చు, గింజ అబద్ధం చెప్పొచ్చు," అంది నాతో, ముంజేత్తో చెమట తుడుచుకుంటూ. "కరుగుతున్న ఐసు చెప్పదు. సికింద్రాబాద్‌లో కరిగినా హిమాలయాల్లో కరిగినా దాదాపు సున్నాయే."

నేను ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాను. రేకుల షెడ్డు, మే నెల మధ్యాహ్నం, ఆయిలు మరకలు, వెనక రోడ్డు మీద ఆటోల రొద. వాటి మధ్య ఆ టిఫిన్ గిన్నెలో హిమాలయాల్లో ఉండేదే, అంతే చలి, ఆవిడ చేతికింద ఉంది. లోకమంతటికీ చెల్లే ఒక నిజాన్ని చెరుకురసం బండి దగ్గర సంపాదించి తెచ్చిందావిడ. పెద్ద పెద్ద గ్రంథాలు చదివి కూడా నాకు ఒళ్లు జలదరించిన సందర్భాలు తక్కువ. అప్పుడు జలదరించింది.

తర్వాతి గింజని ముంచింది. అంకె ముప్ఫై, ఇరవై, తొమ్మిది, అలా ఆగి ఆగి దిగింది. మూడు దగ్గర టింగుమని ఒక చప్పుడు. మంచుపువ్వు వెలిగింది. ఒకటి. సున్నా. అక్కడే నిలిచిపోయింది.

ఆవిడ కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఆ అంకెని చూసింది. తర్వాత మెల్లిగా అంది, "పొద్దున్న వెలిగింది దొంగపువ్వు. ఇది నిజం పువ్వు మరిదిగారూ."

ఆ గింజనే తీగలకి అతికించి, టేపు చుట్టి, అద్దం కింద బెజ్జంలో కూర్చింది. అతికించడం మెకానిక్‌ని చెయ్యనివ్వలేదు, ల్యాబులో ఎన్నిసార్లు చేసిందో. కాసేపటికి పలక మీద నలభై మూడు వచ్చింది. ఇంజను వేసి మీట నొక్కితే కంప్రెసర్ టక్కుమని అందుకుంది. చల్లగాలి ఆవిడ ముఖం మీద కొట్టి, నెరిసిన ముంగురులు ఎగిరాయి.

"మేడం, మీరు మా షెడ్ల జేరుండ్రి. నేను చాయ్ తెచ్చి పెడ్త," అన్నాడు మెకానిక్.

మా అన్నయ్య సెల్‌ఫోను అప్పుడే మోగింది. షెడ్డు బయటికి నడిచాడు గానీ, గొంతు పెద్దది, మా అందరికీ వినిపించింది. "ఉంది సార్, బండి ఇక్కడే ఉంది. రేపు పొద్దున్నేనా? ఏసీ ఏంటి సార్, భేషుగ్గా పనిచేస్తోంది. ఇప్పుడే చూశాను."

లోపలికి వచ్చి వదిన వైపు చూడకుండా, నా వైపు చూసి చెప్పాడు. "పెద్ద కంపెనీరా. కాదంటే మళ్లీ పిలవరు. ఓ పదిరోజులు. ఎండలు తగ్గాక వెళ్దాం, అదే మంచిది."

నేను ఏం అన్నానో ఇక్కడ రాయను. ఆ పదిరోజుల తర్వాత ఇంకో కంపెనీ వచ్చింది, తర్వాత వానలొచ్చాయి, మరుసటి ఏడు బండి అమ్ముడైపోయింది, ఆ తర్వాత ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఆవిడ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. స్వెటర్లు మాత్రం ప్రతి మే నెలా ఎండలో వేసేది. పోయినేడాది కూడా వేసింది.

షెడ్డులో ఆ రోజు, ఆ ఫోను తర్వాత, ఆవిడ సీట్లోంచి దిగలేదు. మా అన్నయ్య మళ్లీ ఫోను పట్టుకుని బయటికి వెళ్లాక, "ఇంకా ఐసు మిగిలిందేటి?" అని అడిగింది. గిన్నె అడుగున ఒక ముక్క ఉంది. "జేబురుమాల్లో పెట్టి ఆ అద్దం కింద కాసేపు పట్టుకోండి మరిదిగారూ."

పట్టుకున్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. నీళ్లు మోచేతుల మీదుగా కారి చొక్కా లోపలికి పోయాయి. టింగుమని చప్పుడు వినిపించింది. అద్దాల అవతల, ఏసీ గాలిలో పైట భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్న ఆవిడ ముఖం మీద నారింజ వెలుగు పడిందో లేదో, ఆ ఎండలో చెప్పలేను. ముందుకి వంగి, రెప్ప వెయ్యకుండా ఆ పలకనే చూస్తోంది. ముక్క పూర్తిగా కరిగిపోయేదాకా చూసింది. తర్వాత తాళం తిప్పి, నా తడిసిన చొక్కా వంక ఒకసారి చూసి, దిగి వచ్చింది.

ఆవిడ చూసిన మంచు అది. అంతకు మించి చూడనివ్వని మనిషి మా అన్నయ్య, జగన్నాథం.